ఆఫీసు బల్ల దగ్గర క్రీస్తును వెంబడించడం ఎలా? తూచని తూకం విషయంలో ఒక సందేహం

ప్రశ్న (మల్కాపురం నుండి ఒక గుమాస్తా)

సహోదరీ సహోదరులందరికీ ప్రభువు నామమున వందనాలు.

నేను విశాఖపట్నంలో ఎగుమతి కాగితాలు సిద్ధం చేసే ఒక చిన్న సంస్థలో ఆరేళ్లుగా గుమాస్తాగా పనిచేస్తున్నాను. రొయ్యల కంటైనర్లకు షిప్పింగ్ బిల్లు, ప్యాకింగ్ లిస్టు, తూకం ధ్రువపత్రం వంటివి తయారుచేసి, లారీ ఓడరేవు గేటుకు చేరేలోగా పంపించడం నా పని. క్రైస్తవ కుటుంబంలోనే పుట్టి పెరిగినా, క్రీస్తును నా సొంత రక్షకునిగా నమ్మి బాప్తిస్మం తీసుకున్నది మాత్రం రెండేళ్ల క్రితమే. అప్పటినుండి ఆదివారాలు బాగానే గడుస్తున్నాయి. నన్ను ఇబ్బంది పెడుతున్నవి మిగిలిన ఆరు రోజులు.

సరుకు నింపిన కంటైనరు మొత్తం బరువును సరిచూసి ధ్రువీకరించనిదే దాన్ని ఓడమీదికి ఎక్కించకూడదని 2016 జూలై 1 నుండి అంతర్జాతీయ నియమం అమలులో ఉంది. అందుకోసం మేము లారీని కాటా మీదికి ఎక్కించి తూయిస్తాం. అయితే కంటైనర్లు తీసుకునే గడువు ఇంకాసేపట్లో ముగుస్తుందనగా కాటా దగ్గర లారీలు బారులు తీరి ఉంటే, మా మేనేజరు గారు "పోయినసారి బరువే వేసెయ్, సరుకు అదే కదా" అంటారు. గడిచిన రెండు నెలల్లో నేను అలా నాలుగుసార్లు వేశాను. మొదటిసారి వేళ్లు వణికాయి. నాలుగోసారి టీ తాగుతూనే టైపు చేశాను. ఏం చేశానో ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుని ప్రార్థన మొదలుపెట్టాక గాని గుర్తుకు రాలేదు.

నా కంప్యూటరు తెర అంచున, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దానపు కార్డు (బైబిలు వచనం అచ్చువేసిన చిన్న కార్డు) అతికించి ఉంటుంది: "ఆయన నీ త్రోవలను సరాళము చేయును." ఆ కార్డుకు నాలుగు వేళ్ల దూరంలోనే, ఎవరూ తూచని ఆ అంకె తెరమీద కనబడుతూ ఉంటుంది.

మా పాస్టరు అయ్యగారిని అడిగితే "ప్రార్థన చెయ్యి బాబూ, ప్రభువు మార్గం చూపిస్తాడు" అన్నారు. ఆయన మాటను నేను తేలిక చేయడం లేదు గాని, ప్రార్థన ముగించి కళ్లు తెరిచాక ఆ ఖాళీ గడిలో ఏ అంకె వేయాలో నాకు ఇంకా తెలియడం లేదు. నా స్నేహితుడొకడు, అతడూ విశ్వాసే, "నెలనెలా అప్పు వాయిదాలు కట్టుకుంటూ ఉద్యోగం దగ్గర పంతాలకు పోవడం, గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అన్నట్టే ఉంటుంది" అన్నాడు. అమ్మ, నా భార్య, మూడేళ్ల పాప నా జీతం మీదనే ఆధారపడి ఉన్నారు గనుక ఆ మాటను కొట్టిపారేయలేకపోయాను.

క్రీస్తునందు నమ్మకముంచడం, ఆయనను వెంబడించడం అనేవి పాటలోనూ ప్రార్థనలోనూ నాకు కొంతవరకు అర్థమవుతాయి. సాయంత్రం ఐదు గంటలకు, ఒక చెవిలో లారీ డ్రైవరు ఫోనులో అరుస్తుండగా, అవి ఎలా ఉంటాయన్నదే నా ప్రశ్న. నేను కాదంటే అది విశ్వాసమా, మూర్ఖత్వమా? దయచేసి "నమ్మండి, అంతా మంచే జరుగుతుంది" అని మాత్రం రాయవద్దు.

జవాబు 1 (పాతనగరం నుండి ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు)

నాయనా, ముందు ఆ కార్డు సంగతి చూద్దాం. నీ కార్డుమీద ఉన్నది బైబిలులోని సామెతలు అనే గ్రంథం 3వ అధ్యాయం 6వ వచనంలో రెండో సగం మాత్రమే. మొదటి సగం "నీ ప్రవర్తన అంతటియందు ఆయన అధికారమునకు ఒప్పుకొనుము" అని ఉంటుంది. ఆ తరవాత "అప్పుడు" అనే మాట వస్తుంది. త్రోవలు సరాళం కావడం ఆపైన. కార్డు చిన్నది కావడంవల్లనో, షరతు బరువుగా తోచడంవల్లనో, ఆ మొదటి సగం అచ్చు దగ్గరే రాలిపోతూ ఉంటుంది. (అలాంటి కార్డుల డబ్బా మా ఇంట్లోనూ నలభై ఏళ్లుగా ఉన్నది గనుక ఈ నింద నాకూ వర్తిస్తుంది.) "ప్రవర్తన అంతటియందు" అన్న తరవాత కాటా చీటీ దానికి వెలుపల ఎలా ఉంటుంది? ఆ గ్రంథమే మరికొన్ని పుటలు తిప్పితే, 11వ అధ్యాయం మొదటి వచనంలో "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము" అని నీ ఉద్యోగాన్ని చూసి రాసినట్టే ఉంటుంది.

వెంబడించడం అనే మాట దగ్గర నేను కాస్త ఆగుతాను, పాత అలవాటు. ఈనాటి పత్రికల్లో ఈ మాటను "పోలీసులు దొంగను వెంబడించి పట్టుకున్నారు" అనే అర్థంలోనే ఎక్కువగా చూస్తున్నాం. మన బైబిలు తెలుగులో దాని అర్థం తరమడం కాదు. వెంబడి అంటే వెంట. ఒకరు ముందు నడుస్తుండగా వారి వెనుకనే పోవడం. తరిమేవాడికి ఎదుటివాణ్ణి పట్టుకుని ఏదో రాబట్టాలన్న తొందర ఉంటుంది. వెంట నడిచేవాడికి ముందున్నవాడు ఎక్కడ మలుపు తిరిగితే అక్కడ తిరగడమే పని. దీవెనలకోసం ప్రభువును మనలో చాలామందిమి పోలీసు అర్థంలోనే వెంబడిస్తున్నామేమోనని నాకు అప్పుడప్పుడూ అనుమానం కలుగుతుంది.

సిలువను ఎత్తుకొని వెంబడించమన్న మాట మత్తయి 16వ అధ్యాయంలోనూ, మార్కు 8వ అధ్యాయంలోనూ ఉంది. లూకా 9వ అధ్యాయం 23వ వచనంలో మాత్రం అదనంగా ఒక మాట కనబడుతుంది: "తన్నుతాను ఉపేక్షించుకొని, ప్రతిదినము తన సిలువను ఎత్తికొని నన్ను వెంబడింపవలెను." ఆ కాలంలో సిలువ మోసుకుంటూ ఊరి బయటికి వెళ్లినవాడు తిరిగి వచ్చేవాడు కాదు, అది జీవితానికి ఒకేసారి జరిగే ప్రయాణం. అటువంటి దాన్ని "ప్రతిదినము" చేయమన్నప్పుడు, ప్రభువు మననుండి అడుగుతున్నది ఎప్పుడో ఒకనాటి గొప్ప త్యాగం కాదని, ఈ రోజు ఎదురైన ఒక భయానికి, ఉదాహరణకు మేనేజరు ముఖం మాడిపోతుందన్న భయానికి, ఈ రోజే చచ్చిపోవడమని నేను గ్రహించాను. రేపటి ఉద్యోగం, వచ్చే నెల వాయిదా ఆ "ప్రతిదినము"లో ఇంకా రాలేదు.

ఈ లూకా సువార్తకు మన ఊరితో ఒక బంధుత్వం ఉంది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నానికి వచ్చి, తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తలను తెనిగించసాగారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయినది 1812లో. అంటే "ప్రతిదినము" అనే మాట ఉన్న ఆ గ్రంథాన్ని ఈ ఊళ్లో కూర్చుని రోజుకు కొన్ని వచనాల చొప్పున తెలుగు చేసినవారిలో ఈ ఇద్దరూ దాన్ని అచ్చులో చూడనే లేదు. ఫలితం కనబడితే గాని అడుగు వేయలేను అనుకునే రోజుల్లో నేను వారిని తలచుకుంటాను.

ఇక నీ స్నేహితుడి సామెత. అది మంచి సామెతే; పైగా ప్రభువు దాన్ని స్వయంగా ఎదుర్కొన్నాడు. మత్తయి 4వ అధ్యాయంలో సాతాను ఆయనను దేవాలయ శిఖరంమీద నిలబెట్టి, దూకమని చెబుతూ, 91వ కీర్తనను చదివి వినిపించాడు. ఒక విధంగా అదీ వాగ్దానపు కార్డే. ఆ కార్డూ కత్తిరించినదే: కీర్తనలో "నీ మార్గములన్నిటిలో నిన్ను కాపాడుటకు" అని ఉంటే, సాతాను నోట "నీ మార్గములన్నిటిలో" అన్న మాట వినబడదు. దూకడం ప్రభువు మార్గం కాదు, తండ్రి దూకమని చెప్పలేదు. అందుకే ఆయన "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అన్నాడు. ఎవరూ పంపని చోటికి దూకి కాపాడమనడం శోధించడం. పంపినచోటికి భయంతోనైనా వెళ్లడం నమ్మడం. సరియైన గుండు దేవునికి ఇష్టమని ముందే చెప్పబడి ఉన్నది గనుక, నీవు కాదనడం రెండో కోవకే చెందుతుంది. ఆ మాటకొస్తే, ఎవరూ పట్టించుకోరులే అని తూచని అంకె మీద సంతకం పెట్టడమే గాలిలో దీపం.

కాదనడంలోనూ ఒక పద్ధతి ఉంది. బబులోనులో చెరలో ఉన్న దానియేలు, రాజు పెట్టే భోజనం వద్దనుకున్నప్పుడు బల్లలు బాదలేదు. అధికారిని మర్యాదగా వేడుకుని, ఆ అధికారికి తల పోతుందన్న భయం ఉందని గ్రహించి, "పది దినములవరకు పరీక్షింపుము, శాకధాన్యాదులు ఇప్పించుము" అని వేరొక దారి చూపించాడు. మీ మేనేజరుకూ పైనుండి ఒత్తిడి ఉంటుంది. ఐదింటికి "చేయను" అనడంకంటే పొద్దున్నే "ఇలా చేద్దాం" అనగలవేమో ఆలోచించు.

జవాబు 2 (మురళీనగర్ నుండి ఒక పాఠకుడు)

ప్రశ్న అడిగిన సహోదరుడు అనవసరంగా మనసు పాడుచేసుకుంటున్నారని నా అభిప్రాయం. కొలొస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయం 22వ వచనంలో యజమానులకు "అన్ని విషయములలో విధేయులైయుండుడి" అని స్పష్టంగా ఉంది. అంకె వేయమన్నది మేనేజరు; లెక్క అప్పగించవలసినవాడు కూడా ఆయనే. క్రింది ఉద్యోగి ప్రతిదానికీ మనస్సాక్షిని అడ్డం పెడితే ఏ ఆఫీసూ నడవదు.

జవాబు 3 (పాతనగరం ఉపాధ్యాయుడు)

అయ్యా, ఇదీ సగం వచనమే. అదే వాక్యంలో "మనుష్యులను సంతోషపెట్టువారైనట్టు కంటికి కనబడవలెనని కాక, ప్రభువునకు భయపడుచు" అని ముందే ఉంది. 23వ వచనం "మనుష్యుల నిమిత్తము కాక ప్రభువు నిమిత్తమని" చేయమంటుంది. ప్రభువు నిమిత్తమని తప్పుడు తూకం ఎలా వేస్తాం? ప్రతిదానికీ మనస్సాక్షిని అడ్డం పెట్టకూడదన్న మీ మాటను మాత్రం నేను ఒప్పుకుంటాను. కుర్చీ ఎక్కడ వేయాలన్న దానికీ ఉపవాసముండే మనుషులను నేనూ చూశాను. ఇది ఆ కోవలోది కాదు.

జవాబు 4 (పెదజాలరిపేట నుండి ఒక సోదరి)

తమ్ముడూ, మాస్టారు చెప్పినంత చక్కగా నేను చెప్పలేను. మా ఆయన మరపడవ మీద వేటకు వెళ్తారు, నేను చేపలు అమ్ముతాను, కాబట్టి తూకం గురించి నాకూ కొంత తెలుసు. మా దగ్గర బుట్ట బరువు తీసివేయకుండా తూచడం అనే పని ఒకటుంది. బుట్ట తడిస్తే ఇంకా బరువు తూగుతుంది. అడిగేవారు లేకపోతే ఆ బరువంతా చేప ధరకే పోతుంది. నేను ప్రభువును నమ్ముకున్న కొత్తలో మానుకున్న మొదటి పని అదే. మానుకున్న నాడు ఆకాశం తెరుచుకోలేదు. సాయంత్రం చేతిలో కొన్ని రూపాయలు తక్కువ ఉన్నాయి, అంతే. మర్నాడు మళ్లీ బుట్ట ఎత్తుకున్నప్పుడు మళ్లీ మానుకోవలసి వచ్చింది. ఒక్కసారి తీర్మానం చేసుకుంటే సరిపోతుందని అనుకున్నాను గాని, ప్రతి బేరానికీ అది కొత్తగానే ఎదురయ్యేది.

నాకు ధైర్యమిచ్చేది లూకా 5వ అధ్యాయం. ఆ కథను వేట తెలియనివారు చదివితే చేపలు దొరికిన చోటే ఆశ్చర్యపడతారు. నాకు అంతకుముందు మాట ముఖ్యం: ప్రభువు వచ్చేసరికి పేతురూ అతని తోటి జాలరులూ వలలు కడుగుతున్నారు. రాత్రంతా సముద్రంలో ఉండి వట్టి చేతులతో వచ్చి, వలలో చిక్కిన నాచూ చెత్తా ఒక్కొక్క కన్నులోనుంచి తీసి, కడిగి, ఆరబెట్టాక గాని మగవాళ్లు ఇంటికి రారు. అప్పటికి వారితో ఎవరైనా మాట్లాడితే విసుగ్గానే జవాబు వస్తుంది. అలా కడిగిన వలను మళ్లీ నీళ్లలో వేయమని, అదీ పట్టపగలు, వేట తెలియని ఒక వడ్రంగి కుమారుడు చెప్పాడు. పేతురు ఏమీ ఉప్పొంగిపోలేదు. "రాత్రి అంతయు మేము ప్రయాసపడితిమి గాని మాకేమియు దొరకలేదు; అయినను నీ మాట చొప్పున వలలు వేతును" అన్నాడు. అలసట ఆ మాటలోనే ఉంది, అనుమానమూ ఉంది. అయినా వల వేశాడు. నమ్మకం నాకు ముందుగా గుండె నిండా వచ్చి, ఆ తరవాత నేను పని చేయడం ఎప్పుడూ జరగలేదు తమ్ముడూ. చేయి ముందు కదిలింది, గుండె నెమ్మదిగా వెనకాల వచ్చింది.

చేపలు దొరికాక పేతురు చేసిన పని కూడా చూడండి. పడవ నిండా చేపలుంటే ఎవరైనా ధర గురించి ఆలోచిస్తారు. అతడు "ప్రభువా, నన్ను విడిచి పొమ్ము, నేను పాపాత్ముడను" అన్నాడు. ప్రభువు విడిచిపోలేదు, "భయపడకుము" అన్నాడు. మీరు వేసిన ఆ నాలుగు అంకెల గురించి మీకు లోపల సిగ్గుగా ఉందని మీ రాతలో కనబడుతోంది. ఆ సిగ్గుతో దూరంగా నిలబడవద్దు. ఇదే పేతురు తరవాత ముమ్మారు ఆయన ఎవరో ఎరుగనన్నాడు. అయినా యోహాను 21వ అధ్యాయంలో ప్రభువు గట్టున నిప్పులు వేసి, చేపా రొట్టే కాల్చి పెట్టి, భోజనం అయ్యాక మళ్లీ "నన్ను వెంబడించుము" అనే అన్నాడు. తప్పిపోయినవాడికి కూడా ఆయన చెప్పే మాట మారలేదు.

రోజు గడవడం గురించి ఒక మాట. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మా తీరంలో మరపడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో మేము కొట్టులో ఖాతా మీద సరుకులు తెచ్చుకుంటాం. మొదటి ఏడాది నేను రాత్రుళ్లు మేలుకుని 61 రోజులూ ఒకేసారి లెక్క వేసేదాన్ని. ఇప్పుడు పొద్దున్నే ఆ రోజు బియ్యం, ఆ రోజు పాలు చూసుకుని, "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని ఆ మాటవరకే అడుగుతాను. అప్పు అప్పే, అది కరిగిపోలేదు. జూన్ నెలాఖరున ఖాతా పుస్తకం తెరిచినప్పుడు అణా పైసలతో తీర్చవలసిందే. నిద్ర మాత్రం పడుతోంది.

జవాబు 5 (గాజువాక నుండి ఒక అకౌంటెంటు)

అందరూ బాగా చెప్పారు గాని, ఒక సంగతి చెప్పకుండా వదిలేశారు. కాదన్నవాడికి నష్టం జరగవచ్చు, జరిగిన నష్టం తిరిగి పూడకపోవచ్చు. నేను ఏడేళ్ల క్రితం ఒక సంస్థలో, సరుకు రాకుండానే వచ్చినట్టు రాసిన బిల్లులను పుస్తకంలోకి ఎక్కించనన్నాను. మూడు వారాల్లో నన్ను పనిలోనుండి తీసివేశారు. ఎనిమిది నెలలు ఉద్యోగం దొరకలేదు. నా భార్య గాజులు తాకట్టులో పెట్టాం, వాటిలో ఒక జత ఇప్పటికీ రాలేదు. తరవాత దొరికిన ఉద్యోగంలో జీతం మునుపటికంటే తక్కువ, ఈనాటికీ తక్కువే. సాక్ష్యాల కూటంలో "ప్రభువు రెట్టింపు ఇచ్చాడు" అని ఎవరైనా చెబుతుంటే నేను సంతోషిస్తాను, నా దగ్గర ఆ సాక్ష్యం లేదు. ఒకాయన నన్ను "అయితే నీ విశ్వాసంలో ఏదో లోపం ఉండి ఉంటుంది" అని కూడా అన్నారు. ఆ మాట తాకట్టు కంటే ఎక్కువ బాధించింది.

దానియేలు గ్రంథం 3వ అధ్యాయంలో, ప్రతిమకు మొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానన్న రాజుతో ముగ్గురు యువకులు తమ దేవుడు రక్షించగల సమర్థుడని చెప్పి, వెంటనే "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అన్నారు. ఆ మాటే లేకపోయి ఉంటే ఆ ఎనిమిది నెలలు నేను ప్రార్థన చేయగలిగేవాణ్ణి కాదు. నేను అంతవరకు క్రీస్తును నమ్ముతున్నానని అనుకుంటూ, నిజానికి నెలాఖరున బ్యాంకు నుండి వచ్చే సందేశాన్ని నమ్ముతున్నానని ఆ కాలంలో తెలిసింది. అలా తెలియడం ఏమీ హాయిగా ఉండలేదు. ఒక రోజు మా సంఘ కోశాధికారి గారు స్కూటరు మీద పాతిక కిలోల బియ్యం సంచి తెచ్చి, గుమ్మం లోపల దించి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఆయన ఎవరికీ చెప్పలేదు. ప్రభువు పోషిస్తాడన్న మాట నాకు ఎప్పుడు గుర్తొచ్చినా ఆ సంచి మీద కుట్టిన దారమే కళ్లముందు కదులుతుంది.

కాబట్టి సహోదరునికి నా సలహా లెక్కల మనిషి సలహానే. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువే లూకా 14వ అధ్యాయంలో అన్నాడు. లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదు. ఈ రాత్రే మీ భార్యకు సంగతంతా చెప్పండి. నేను చేసిన పెద్ద తప్పు అది చెప్పకపోవడమే. నేను వీరుణ్ణనుకున్నాను, ఆమె మాత్రం పని పోయిన రోజున మొదటిసారి ఈ కథ విన్నది. మూడు నెలల ఇంటి ఖర్చు ఎంతో కాగితం మీద వేసుకోండి. వేరే చోట పని కోసం నెమ్మదిగా అడుగుతూ ఉండండి.

తూకం గురించి నాకు తెలిసిన ఒక విషయం. ఆ అంతర్జాతీయ నియమం రెండు పద్ధతులను ఒప్పుకుంటుంది. ఒకటి, నింపిన కంటైనరును మొత్తంగా తూచడం. రెండోది, లోపల పెట్టే పెట్టెలను, అడుగు చెక్కలను, ఇతర సామగ్రిని అన్నిటినీ తూచి, కంటైనరు తలుపు మీద రాసి ఉండే ఖాళీ బరువును కలపడం. మీది పెట్టెల్లో వెళ్లే గడ్డకట్టిన రొయ్యల సరుకు గనుక, ఫ్యాక్టరీలో నింపేటప్పుడే సరైన తూకపు యంత్రంతో తూచి లెక్క పంపించగలిగితే, నిబంధనల ప్రకారం ఏర్పాటు చేసుకుని రెండో పద్ధతిని వాడుకోవచ్చేమో మీ మేనేజరుతో మాట్లాడండి. మాస్టారు చెప్పిన శాకధాన్యాదులు మీ విషయంలో ఇవే కావచ్చు.

"సరుకు అదే కదా" అన్న మాటను మాత్రం నమ్మవద్దు. 2007 జనవరిలో ఇంగ్లీషు చానల్‌లో తుఫానుకు దెబ్బతిన్న ఎంఎస్‌సీ నాపోలి అనే ఓడ డెక్కు మీది కంటైనర్లను తరవాత తూచి చూస్తే, దాదాపు ఐదింట ఒకటి ప్రకటించిన బరువుకు 3 టన్నులకు మించిన తేడాతో ఉన్నట్టు దర్యాప్తులో తేలింది. బరువు తప్పితే ఏ కంటైనరు పైన, ఏ కంటైనరు క్రింద పెట్టాలన్న లెక్క అంతా తప్పుతుంది. దాని క్రింద క్రేను దగ్గర నిలబడేవాళ్లు, ఓడలో పడుకునేవాళ్లు ఉంటారు. నీ పొరుగువానిని ప్రేమించుము అన్న ఆజ్ఞలో ఆ పొరుగువాళ్ల పేర్లు మనకు తెలియవలసిన అవసరం లేదు.

ప్రశ్న అడిగినవారి నుండి, పన్నెండు రోజుల తరవాత

అందరికీ వందనాలు. మాస్టారూ, అక్కగారూ, గాజువాక అన్నగారూ, మీ జవాబులను నేను మా ఇంట్లో చదివి వినిపించాను. నా భార్య అంతా విని, "ఈ రెండు నెలలుగా రాత్రుళ్లు గోడవైపు తిరిగి పడుకుంటున్నది ఇందుకా" అంది. ఇద్దరం కలిసి ఖర్చు లెక్క వేశాం. పాప పేరున దాచిన దానితో కలిపి రెండున్నర నెలలు గడుస్తుందని తేలింది. మూడు రాలేదు.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గారి గదికి వెళ్లాను. చెప్పాలనుకున్న మాటలన్నీ మెట్ల దగ్గరే మరచిపోయాను. "సార్, తూచకుండా బరువు వేయడం నావల్ల కాదు, ఇదివరకు వేశాను, అది నా తప్పే. లారీని రెండు గంటలు ముందుగా రప్పిస్తే గడువులోగా తూయించే పూచీ నాది. ఫ్యాక్టరీలోనే తూచే పద్ధతి కూడా ఒకటి ఉందట" అన్నాను. ఆయన కాసేపు నన్ను చూసి, "చూద్దాం లే" అని ఫోను అందుకున్నారు. తిట్టలేదు, మెచ్చుకోలేదు. నా గొంతు మాత్రం మధ్యాహ్నం దాకా సర్దుకోలేదు.

ఆ వారంలో ఒక కంటైనరును మధ్యాహ్నమే కాటా దగ్గరికి పంపించారు. చీటీ చేతికొచ్చాక పాత ఫైలు తీసి చూస్తే, పోయినసారి అంకెకూ దీనికీ 740 కిలోల తేడా ఉంది. "సరుకు అదే కదా" అన్న మాట నేను కూడా నమ్మి ఉన్నాననే సంగతి అప్పుడు నిజంగా అర్థమైంది. ఆ సాయంత్రం కార్డు మీద ఖాళీగా ఉన్న చోట వచనం మొదటి సగాన్ని బాల్ పెన్నుతో రాసుకున్నాను. అక్షరాలు ఇరుకుగా వచ్చాయి గాని చదవడానికి వీలుగానే ఉన్నాయి.

అయితే నా మనసు పూర్తిగా కుదుటపడలేదు. శుక్రవారం సాయంత్రం మరో కంటైనరు ఆలస్యంగా వచ్చింది. మేనేజరు గారు నా వైపు చూడకుండా ఆ ఫైలును, చేరి ఐదు నెలలు కూడా కాని కుర్రవాడి బల్లమీద పెట్టారు. అతడు పాత బరువే వేశాడు. నేను నా కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండిపోయాను. నా చేతులు శుభ్రంగా ఉంచుకుని ఆ పనిని అతడి చేతుల్లోకి జరిపినట్టయిందని ఆ రాత్రి తోచింది. పేతురు వల నిండి పిగిలిపోతుంటే వేరే పడవలోని తోటివారిని సాయానికి పిలిచారని, వారు వచ్చి చేయి కలిపారని అక్కగారు చెప్పిన అధ్యాయంలోనే ఉంది. నేను ఆ కుర్రవాడితో ఇంతవరకు పని గురించి తప్ప ఒక్క మాట మాట్లాడలేదు.

శనివారం అతణ్ణి టీకి పిలిచాను. ఆ 740 కిలోల చీటీని, పాత కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూపించాను, వాక్యం ఏమీ ఎత్తలేదు. అతడు చాలాసేపు చూసి, "అన్నా, అయితే శుక్రవారంది ఎంత తేడా ఉండి ఉంటుంది?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. సోమవారం వచ్చే లారీ రెండు గంటలకల్లా కాటాకు చేరుతుందని డ్రైవరు చెప్పాడు. ఇద్దరం కలిసి వెళ్తున్నాం.